అడవిని ఎక్కడికి మళ్ళిస్తారు?

ఆదివాసీలు తామే ముందుండి నడుపుకునే పర్యావరణ ఉద్యమంలో బయటివారు చేయదగిన పని ఏదైనా ఉందా, అటువంటి పోరాటాన్ని అమెరికాలో అంటున్నట్లు జాతి న్యాయం కోసం పోరాటమని మన దగ్గర కూడా అనవచ్చునా అని మీరు అడిగారు. నేను ఆదివాసిని కాను. విశాఖపట్నంలో ఒక న్యాయవాది వద్ద జూనియరుగా ఉన్న రోజులలో, 2015 చివరి నుంచి సుమారు మూడేళ్ళ పాటు, అల్యూమినియం తీసే ముడి ఖనిజమైన బాక్సైట్ తవ్వకాల వ్యవహారంలో కాగితాలు పట్టుకుని మన్యంలోని చింతపల్లి, గూడెంకొత్తవీధి వైపు తిరిగాను. ఆ తిరుగుడులో నాకు అర్థమైనంతవరకు బయటివారికి పని తప్పకుండా ఉంది. అందులో ఎక్కువ భాగం కాగితం సంపాదించడం, దానిని చదివి వినిపించడం, ఆ తరువాత పక్కకు తప్పుకోవడం. మూడవదే అన్నింటికంటే కష్టం.

2015 నవంబరు 5న అప్పటి ప్రభుత్వం 97వ నంబరు జీవో ఇచ్చింది. జెర్రెల ప్రాంతంలోని 1,212 హెక్టార్ల అటవీ భూమిని బాక్సైట్ తవ్వకం కోసం రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థకు మళ్ళించేందుకు దాని ద్వారా అనుమతి లభించింది. జీవో ఆంగ్లంలో ఉంది. నేను దానిని తెలుగు చేసి, ఒక ఊరిలో చింతచెట్టు కింద కూర్చున్నవారికి చదువుతున్నాను. "అటవీయేతర ప్రయోజనాలకు మళ్ళింపు" అన్న చోటికి వచ్చేసరికి, ముందు వరుసలో చోడి అంబలి తాగుతున్న ఒక అవ్వ గిన్నె కింద పెట్టి, "నీళ్ళు మళ్ళిస్తారు గానీ అడవిని ఎక్కడికి మళ్ళిస్తారు బాబూ?" అని అడిగింది. ఆమె వేళాకోళానికి అడగలేదు. గెడ్డకు, అంటే కొండవాగుకు, రాళ్ళు అడ్డం పెట్టి నీటిని మడిలోకి మళ్ళించడం, అవసరం తీరాక ఆ రాళ్ళు తీసి నీటిని తిరిగి గెడ్డలోకి వదలడం ఆమెకు ఏటా ఉండే పని. మళ్ళింపు అనే మాట ఆమెకు నాకంటే బాగా తెలుసు. తెలియనిదల్లా ఆ మాటను ప్రభుత్వం ఏ అర్థంలో వాడుతున్నదో అది. ఆ ఊరి యువకుడొకడు నా చేతిలోని కాగితం వైపు చూడకుండానే దానిని కోందు ఆదివాసీల కువి భాషలో చెప్పాడు. ఏమని చెప్పావని అడిగితే, "కొండ నెత్తి తీసేస్తారని చెప్పాను" అన్నాడు. నేను రెండు రాత్రులు కూర్చుని చేసిన అనువాదం కంటే అదే సరైనది.

నిజానికి అక్కడ ఖనిజం ఉన్నది కొండ నెత్తి మీదనే. తూర్పు కనుమలలో బాక్సైట్ కొండల పైభాగాన పొరగా ఉంటుంది. వాన నీటిని పీల్చుకుని, నెమ్మదిగా కిందికి వదిలి, ఎండాకాలంలో కూడా ఊటలు ఆరకుండా చూసేది ఆ పొరే. కాబట్టి గనికి ఎంత భూమి పోతుంది, ఎన్ని చెట్లు పోతాయి అన్న లెక్క వేసేవారికి ఆ ఊళ్ళ భయం సగమే కనిపిస్తుంది. కొండ వాలులో కాఫీ, దాని నీడ చెట్లకు పాకిన మిరియాల తీగ, కింద మడి, ఆ కింద గెడ్డ, ఇవన్నీ పైనున్న ఆ పొర మీద ఆధారపడినవే.

చట్టం వారి వైపు లేదా అంటే, ఉంది. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి ఆదివాసేతరుల చేతికి పోకూడదని చెప్పే 1/70 చట్టం ఉంది. అనంతగిరి మండలం నిమ్మలపాడు వంటి ఊళ్ళ భూములను గనుల లీజులకు ఇవ్వడాన్ని సవాలు చేస్తూ సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో, 1997 జులై 11న సుప్రీంకోర్టు, ప్రభుత్వం కూడా ఆ చట్టం ప్రకారం ఒక "వ్యక్తి"యేనని, కాబట్టి షెడ్యూల్డు ప్రాంతాలలో ప్రభుత్వ భూమిని సైతం ఆదివాసేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం లీజుకు ఇవ్వరాదని తీర్పు చెప్పింది. అయితే ప్రభుత్వ సంస్థలు, ఆదివాసీ సహకార సంఘాలు తవ్వుకోవచ్చునన్న వెసులుబాటును ఆ తీర్పే మిగిల్చింది. 2005 తరువాత కుదిరిన బాక్సైట్ ఒప్పందాలన్నీ ఆ సందులోంచి వచ్చినవే: తవ్వేది ప్రభుత్వ సంస్థ, ఖనిజం అందుకునేది మైదానంలోని ప్రైవేటు శుద్ధి కర్మాగారం. ఈ ముడిని ఊరివారికి విప్పి చెప్పడం మాత్రం మావంటి వారి వల్ల అయిన పని అని ఇప్పటికీ అనుకుంటాను.

ఇక నా తప్పు. పాడేరులో ఒక విలేకరుల సమావేశానికి ఆ ఊరి పెద్దలతో కలిసి వెళ్ళాను. ఎవరో ఒక విలేకరి, "మీరు అభివృద్ధికి వ్యతిరేకులా?" అని వారిని అడిగితే, వారు నోరు తెరిచేలోపే నేను అందుకుని పది నిమిషాలు మాట్లాడాను. మరునాడు ఒక పత్రికలో, మైదానం నుంచి వచ్చినవారు అమాయక గిరిజనులను రెచ్చగొడుతున్నారని వార్త వచ్చింది. అటువంటి వార్త రాసే అవకాశాన్ని నేనే చేతికిచ్చాను. తిరుగు ప్రయాణంలో జీపులో ఒక పెద్దాయన అన్న మాట ఇది: "మేం కాఫీ అమ్ముకుంటన్నాం, పిల్లల్ని బడికి పంపుతన్నాం. మాకేటి కావాలో మేం సెప్పుకోలేమా బాబూ? నువ్వు సెప్తే అది నీ మాటవుద్ది." ఆ తరువాత నేను ఏ సమావేశంలోనూ వేదిక వైపు కూర్చోలేదు.

ఊరు తన మాట తానే చెబితే ఏమవుతుందో చూడాలంటే సరిహద్దుకు అవతల ఒడిశాలోని నియమగిరిని చూడండి. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు ఆ కొండ మీద బాక్సైట్ తవ్వకం గురించి గ్రామసభలే తేల్చాలన్నది. కొండ చుట్టూ వందకు పైగా ఊళ్ళుండగా ప్రభుత్వం పన్నెండింటినే ఎంపిక చేయడం మీద అప్పుడే అభ్యంతరాలు వచ్చాయి. అయినా జులై, ఆగస్టులలో జిల్లా న్యాయమూర్తి ఎదుట జరిగిన ఆ పన్నెండు సభలూ వద్దనే అన్నాయి. మన వైపు కోందులు మాట్లాడే కువి భాషకు దగ్గరి భాషలోనే అక్కడి డోంగ్రియా కోందులు తమ కొండ దేవుడు నియమరాజు గురించి, ఊటల గురించి, అనాస, పసుపు పండే వాలు గురించి ఎవరి కారణం వారు చెప్పారు. 2014 జనవరిలో కేంద్రం అనుమతి నిరాకరించింది.

మీ రెండవ ప్రశ్నకు వస్తే, మన దేశంలో జాతి వివక్ష అనే మాటను మనం విదేశాలకే వాడుతాం కాబట్టి అది చెవికి కొత్తగా వినిపిస్తుంది. అమెరికాలోని స్టాండింగ్ రాక్ వద్ద 2016లో లకోటా ఆదివాసీ ప్రజలు ఎదిరించిన చమురు గొట్టానికి ముందు పరిశీలించిన ఒక దారి బిస్మార్క్ నగరానికి ఎగువన ఉండేది; ఆ నగర తాగునీటికి దగ్గర కావడం ఆ దారిని వద్దనుకోవడానికి ఒక కారణం. ఆ తరువాత గొట్టం ఆదివాసీల తాగునీటి పక్కకు వచ్చింది. మన దేశ జనాభాలో 2011 లెక్కల ప్రకారం 8.6 శాతం ఉన్న ఆదివాసీలు, ప్రాజెక్టుల వల్ల ఇల్లూ భూమీ పోగొట్టుకున్నవారిలో సుమారు 40 శాతం ఉంటారన్నది అధికారిక నివేదికలలో తరచూ కనిపించే అంచనా. ఎవరి నీరు ముఖ్యం, ఎవరి నీరు కాదు అనే తీర్పు రెండు చోట్లా ఒకటే. "కొండోళ్ళకు ఏం తెలుసు" అనే మాటను నేను చదువుకున్నవారి నోట, స్నేహితుల నోట కూడా విన్నాను. పేరు ఏది పెట్టినా నాకు అభ్యంతరం లేదు.

పని చేయదలచుకుంటే ఒక సంగతి గుర్తుంచుకోండి. ఒక ఊరిలో వేరే సమావేశానికి హాజరు కోసం వేయించిన వేలిముద్రల కాగితం, కొన్ని నెలల తరువాత పైన ఒక సమ్మతి తీర్మానంతో ఒక కార్యాలయం ఫైలులో తేలింది. అప్పటి నుంచి మేము తీర్మానం మొత్తం రాసి, చదివి వినిపించి, కింద గీత కొట్టిన తరువాతనే వేలిముద్రలు వేయమనేవాళ్ళం. వెంటనే ఫోనులో ఫొటో తీసి, నకలు ఊరిలోనే ఉంచేవాళ్ళం. అటవీ హక్కుల చట్టం కింద జరిగే గ్రామసభకు సభ్యులలో సగం మంది, వచ్చినవారిలో మూడో వంతు మహిళలు ఉండాలి. ఆ లెక్క మినిట్స్ పుస్తకంలో అంకెలతో ఉండేలా చూడండి. 97వ జీవో మొదట నిలిచిపోయి, 2019లో రద్దయింది. కానీ ఇప్పుడు అవే కొండలలో, నీటిని పైకి తోడి నిల్వచేసి అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీసే పంప్డ్ స్టోరేజ్ విద్యుత్ ప్రాజెక్టులంటూ కొత్త కాగితాలు వస్తున్నాయి, వాటిలోనూ మళ్ళింపు అనే మాట ఉంటుంది. వెళ్ళేముందు ఆ ఊరి భాషలో చెప్పగలిగినవారు ఊరిలోనే ఎవరున్నారో కనుక్కుని, వారు మీతో గడిపిన రోజుకు కూలి లెక్కకట్టి ఇవ్వండి.