లేబుళ్లు పోయిన మిగులు ఊలుతో దానానికి ఏం అల్లొచ్చు?

డబ్బా నిండా ఊలు ఉండలున్నాయి, చాలా రంగులు ముప్పై గ్రాములు కూడా లేవు, లేబుళ్లు పోయాయి, చలికి పనికొచ్చేవి అల్లి ఇవ్వొచ్చా అని అడిగారు. తప్పకుండా ఇవ్వొచ్చు. రంగుల పొంతన సంగతి ఆఖరున చూడండి, ముందు ఉతుకు గురించి ఆలోచించండి. తీసుకున్నవాళ్లు దాన్ని మిగతా బట్టలతో కలిపే ఉతుకుతారు. గొర్రె ఊలు, అక్రిలిక్ (కృత్రిమ పోగు) ఒకే టోపీలో పడితే వేడినీళ్లకు ఊలు ముడుచుకుని గట్టిపడుతుంది, అక్రిలిక్ అలాగే ఉంటుంది. దాంతో టోపీ వంకరపోతుంది.

ఏ పోగు ఏదో తేల్చడానికి చిన్న ముక్క పట్టకారతో పట్టుకుని, కింద నీళ్ల గిన్నె పెట్టి అంటించండి. ఊలైతే కాలిన వెంట్రుకల వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య పొడి అవుతుంది. అక్రిలిక్ కరిగి గట్టి పూసలా మారుతుంది. నూలైతే కాగితం కాలిన వాసన. ఎరుపు, ముదురు నీలం పోగుల్ని గోరువెచ్చని నీళ్లలో తడిపి తెల్లగుడ్డ మీద ఒత్తండి. రంగు అంటితే లేత రంగుల పక్కన వాడకండి.

సన్నపోగులు విడిగా అల్లితే పని సాగదు, వెచ్చదనమూ తక్కువే. మధ్యరకం పోగులు రెండు కలిపి 6 మి.మీ. సూదుల మీద అల్లండి. 10 సెం.మీ.కు సుమారు 15 కుట్లు వస్తాయి. పెద్దవాళ్ల టోపీకి 72 కుట్లు ఎత్తి గుండ్రంగా కలపండి. రెండు నిట్ (సాదా కుట్టు), రెండు పర్ల్ (తిరగేసిన కుట్టు) చొప్పున 5 సెం.మీ., ఆపైన అంతా నిట్. మొత్తం ఎత్తు 16 సెం.మీ. వచ్చాక తగ్గించడం మొదలు: 7 అల్లి తర్వాతి రెండూ కలిపి అల్లండి, ఇలా ఎనిమిదిసార్లు. తర్వాత ఒక వరుస మామూలుగా. ప్రతి తగ్గింపు వరుసలో మధ్య కుట్లు ఒకటి తగ్గుతాయి. నాలుగు తగ్గింపుల తర్వాత మామూలు వరుసలు మానేసి, 8 కుట్లు మిగిలేదాకా తగ్గించి పోగు లాగి బిగించండి. 80 నుంచి 100 గ్రాముల ఊలు పడుతుంది. రెండు పోగుల్లో ఒకటి ఏదో బూడిద రంగో, లేత గోధుమ రంగో మొదటి నుంచి చివరిదాకా ఉంచి, రెండోది మాత్రం అయిపోయిన కొద్దీ మారిస్తే అతుకులబొంతలా కనపడదు. ఇచ్చే వస్తువు చూడముచ్చటగా ఉండాలి, మిగులుతో చేసిందని తెలియకూడదు.

మరీ చిన్న ఉండలకు ఐమూలగా అల్లే చతురస్రమే సరి. ఒక కుట్టుతో మొదలుపెట్టి ప్రతి వరుస మొదట్లో ఒకటి పెంచుతూ, అన్నీ నిట్ కుట్లే వేస్తూ, అంచు 15 సెం.మీ. అయ్యాక అలాగే తగ్గించుకుంటూ రావాలి. కుట్లు లెక్కపెట్టే పని లేదు, ఏ మందానికైనా కొలత కుదురుతుంది. ఇంకో సౌకర్యం: ఉండను ముందే తూచండి, సగం బరువు తరిగేలోపే అంచు కొలత రాకపోతే ఆ ఊలు చాలదని అర్థం, వెంటనే రంగు మార్చొచ్చు. వరుసకు ఏడు చతురస్రాల చొప్పున ఎనిమిది వరుసలు కుడితే 105 × 120 సెం.మీ. దుప్పటి.

ఎక్కువగా పాడయ్యేది కొసల దగ్గరే. ముడి వేసి దగ్గరికి కత్తిరిస్తే రెండు ఉతుకుల్లో ఊడిపోతుంది. 15 సెం.మీ. కొస వదిలి, మొద్దుసూదితో కుట్ల వెనక ఒక దిశలో, తిరిగి ఎదురు దిశలో, మళ్లీ మొదటి దిశలో దూర్చండి. అల్లుతున్నప్పుడే దూర్చుకోండి, చివరికి వంద కొసలు మిగిలితే తొందరపడతాం.

పసిపిల్లల టోపీలకు గుండీలు, రిబ్బన్లు, నూగు పోగులు వద్దు. ఊడొస్తే నోట్లోకి పోతాయి. చేతితొడుగుల లోపల పోగులు వదులుగా వేలాడకూడదు, చిన్న వేళ్లకు చుట్టుకుంటాయి.

అల్లకముందే తీసుకునేవాళ్లను అడగండి: ఏ వయసువాళ్లకి, ఏ ఊలు తీసుకుంటారు అని. అయ్యాక ఉతికి పూర్తిగా ఆరబెట్టండి. అక్రిలిక్‌కి ఇస్త్రీ తగలనివ్వకండి, కుట్లు చప్పబడిపోయి సాగుడు పోతుంది. ప్రతి వస్తువుకీ ఏ ఊలో, ఎలా ఉతకాలో రాసిన చీటీ కట్టండి.