పదింట ఒకటి

చిరంజీవి అమ్మలుకు తాతయ్య ఆశీస్సులు.

నువ్వు పత్రికలో అనువాదాల డెస్కులో చేరుతున్నావని మీ అమ్మ చెప్పగానే వీధిలో కనబడిన వాళ్ళందరికీ చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. అర్ధరాత్రి తిరుగు ప్రయాణాల సంగతి మీ నాన్న చూసుకుంటాడు. నా భయం వేరు.

పేర్లూ అంకెలూ రెండుసార్లు చూసుకో. నిఘంటువు చేతికందేలా పెట్టుకో. ఇవి నీకు తెలిసినవే.

1996 నవంబరులో తుపాను కోనసీమను ఊడ్చేసిన రాత్రి డెస్కులో నేనే ఉన్నాను. ఇంగ్లీషు వార్తలో కొబ్బరి తోటలు ‘డెసిమేట్’ అయ్యాయని ఉంది. ఆ మాట పుట్టుక నాకు తెలుసు. అదే కొంప ముంచింది. లాటిన్‌లో ‘డెకెమ్’ అంటే పది, మన ‘దశ’కు చుట్టం. రోమన్ సైన్యంలో పిరికితనంతో పారిపోయిన దళానికి చీట్లు వేసి, పదిమందిలో ఒకణ్ణి తీసి, తోటివాళ్ళ చేతే కొట్టి చంపించేవారు. తిరగబడిన బానిసల నాయకుడు స్పార్టకస్ మీదికి వెళ్ళిన రోమన్ సేనాని క్రాసస్ 500 మందిని 50 జట్లు చేసి ఈ శిక్ష వేశాడని ప్రాచీన గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. ఇంత తెలిసినవాణ్ణి ఊరుకుంటానా? ‘పదో వంతు కొబ్బరి తోటలు నేలమట్టం’ అని శీర్షిక పెట్టాను.

వారానికి అంబాజీపేట నుంచి మా బావ కార్డు వచ్చింది. ‘మా తోటలో పదింట ఒక చెట్టు నిలబడింది. మీరేమో పదింట ఒకటి పడిందని వేశారు. నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్ళకు ఏది చూపించమంటావు?’ సంతకం కూడా చేయలేదు. ఆ సంక్రాంతికి చెల్లెలు మా ఇంటికి రాలేదు.

పుట్టుక కథ అబద్ధం కాదు. కానీ ఇంగ్లీషువాళ్ళ వాడుకలో ఎన్నడో ఆ మాటలోని లెక్క పోయి దెబ్బ మిగిలింది. చాలా భాగం నాశనమైందనే ఇప్పుడు దాని అర్థం. అలాగని ‘సర్వనాశనం’ అనీ రాయకు, ఎంతో కొంత మిగిలినచోటే ‘డెసిమేట్’ నప్పుతుంది. ‘చాలావరకు తుడిచిపెట్టుకుపోయాయి’ అంటే చాలు. ఎంత పోయిందో తేలకపోతే ఆ ఊళ్ళో ఎవరికైనా ఫోను చెయ్యి. కంప్యూటర్ ఇచ్చిన మాట అతికించి లేచిపోయావో, చెవి మెలేస్తాను.

అన్నం తిని వెళ్ళు తల్లీ. ఖాళీ కడుపుతో వార్తలు దిద్దితే చిరాకంతా వాక్యాల్లోకి వస్తుంది.

నా పాత నిఘంటువు కొరియర్‌లో పంపుతున్నాను. ‘డి’ పేజీల మధ్య బావ కార్డు ఉంది. చదివి అక్కడే పెట్టు.

మీ తాతయ్య