బీపీ నార్మల్ అని రాసే ముందు

బుజ్జీ,

ఎమర్జెన్సీ కోర్సులో చేరుతున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం వేసింది, వెంటనే టెన్షన్ కూడా పట్టుకుంది. ఇన్నేళ్లు క్యాజువాలిటీలో నర్సుగా చేసినదాన్ని, ఆ నైట్ డ్యూటీలు ఎలా ఉంటాయో నాకు తెలుసు.

రోజూ చదువు, నోట్స్ రాసుకో, గ్లవ్స్ లేకుండా ఎవరినీ ముట్టుకోకు. ఇవి నీకు చెప్పక్కర్లేదు. నా బెంగంతా పాథోఫిజియాలజీ, అంటే జబ్బు చేసినప్పుడు ఒంట్లో ఏం జరుగుతుందో చెప్పే చదువు, ఆ పదాల గురించే. బట్టీ పట్టి పరీక్ష గట్టెక్కేస్తావు, సరే. పేషెంట్ ముందు నిలబడ్డప్పుడో?

ముందు షాక్ సంగతి. బీపీ పడిపోతేనే షాక్ అనుకుంటారు చాలామంది. కణాలకు చాలినంత రక్తం, దాంతోపాటు ఆక్సిజన్ అందకపోవడం షాక్. రక్తం అలా అందడాన్నే పెర్ఫ్యూజన్ అంటారు. బీపీ పడేసరికి చాలాసార్లు ఆలస్యమైపోతుంది.

ఒక రాత్రి బైక్ మీంచి పడ్డ కుర్రాణ్ణి తెచ్చారు. పైకి పెద్ద గాయాల్లేవు, బాగానే మాట్లాడుతున్నాడు. కొత్తగా చేరిన డాక్టరు బీపీ 118/96 చూసి, కేస్ షీట్‌లో 'నార్మల్, స్టేబుల్' అని రాసి పక్క బెడ్‌కి వెళ్లిపోయాడు. పల్స్ మాత్రం 124. చేతులు చల్లగా, చెమటతో తడిగా ఉన్నాయి. గోరు నొక్కి వదిలితే రంగు 2 సెకన్లలోపు తిరిగి రావాలి, 4 దాటినా రాలేదు. కుదురుగా పడుకోడు, దాహం దాహం అంటాడు.

లోపల ప్లీహం చిట్లి రక్తం పోతోంది. రక్తం తగ్గగానే శరీరం గుండెను పరుగెత్తిస్తుంది, చర్మానికీ పేగులకూ వెళ్లే నాళాలను బిగించి, ఉన్న రక్తాన్ని మెదడుకూ గుండెకూ మళ్లిస్తుంది. అందుకే పై అంకె నిలబడింది, కింది అంకె పెరిగింది. రెండింటి మధ్య తేడాను పల్స్ ప్రెషర్ అంటారు. మామూలుగా 40 దాకా ఉండేది, అతనికి 22కి దిగింది. ఇది కాంపెన్సేటెడ్ షాక్, అంటే శరీరం ఎలాగో సర్దుకుంటూ బీపీని నిలబెడుతున్న దశ. పెద్దవాళ్లలో దాదాపు 30 శాతం రక్తం పోయేదాకా పై బీపీ అలాగే నిలబడొచ్చు. తర్వాత ధబాలున పడుతుంది. అతనికీ పడింది. ఆపరేషన్ చేసి బతికించారనుకో. ఆ డాక్టరు తెలివితక్కువవాడేం కాదు, ఒక్క అంకె చూసి ఆగిపోయాడంతే. నువ్వూ చిన్నప్పుడు లెక్కకి జవాబు వస్తే చాలు, మధ్యలో ఏం చేశావో వెనక్కి చూసేదానివి కాదు! తిడుతున్నాననుకోకు తల్లీ, నిన్ను పెంచినదాన్ని కాబట్టే భయం.

పిల్లల్లో బీపీ ఇంకా ఆఖర్న పడుతుంది. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మందులు వాడేవాళ్లలో పల్స్ పెరగకపోవచ్చు, అది చూసి నిశ్చింతగా ఉండకు.

హైపాక్సీమియా అంటే రక్తంలో ఆక్సిజన్ తగ్గడం, హైపాక్సియా అంటే కణజాలానికి అందకపోవడం. పొగలో చిక్కుకున్నవాళ్ల ఒంట్లో కార్బన్ మోనాక్సైడ్ ఉంటే మామూలు పల్స్ ఆక్సిమీటర్ 99 చూపించొచ్చు. నమ్మకు, ఆక్సిజన్ పెట్టించు. ఇస్కీమియా అంటే రక్తం చాలకపోవడం. గుండెకి అలా అయితే, అప్పటికింకా దాని కండరాన్ని కాపాడుకోవచ్చు. ఇన్‌ఫార్క్షన్ అంటే అది చచ్చిపోయినట్టే.

హైపోవోలెమిక్ (ఒంట్లో రక్తమో నీరో తగ్గి), కార్డియోజెనిక్ (గుండె సరిగా పంపు చేయలేక), అబ్‌స్ట్రక్టివ్ (రక్తం దారికి అడ్డుపడి), డిస్ట్రిబ్యూటివ్ (నాళాలు వదులైపోయి): షాక్ ఈ నాలుగు రకాలు. ఆదివారం ఫోన్ చేస్తాను. ఒక్కోదానిలో చెయ్యి చల్లగా ఉంటుందా, వెచ్చగా ఉంటుందా, ఎందుకు అని అడుగుతాను. పుస్తకం చూడకుండా చెప్పాలి.

నీ పెద్దమ్మ