ఏఐ దిద్దిన వాక్యం

సందేహం: తిరుపతి పాత సంగతుల మీద ఆన్‌లైన్‌లో వ్యాసాలు రాస్తుంటాను. ‘గోవిందరాజస్వామి గుడి పక్కనున్న పాత మంటపంలో మా తాత పూలు అమ్మేవాడు’ అని రాసి, తప్పులు దిద్దమని ఏఐకి ఇచ్చాను. ‘గోవిందరాజస్వామి ఆలయం పక్కన ఉన్న ఒక పాత మండపంలో మా తాతగారి చేత పువ్వులు విక్రయించబడేవి’ అని మార్చింది. నా తప్పేమిటి? ఏఐతో దిద్దించుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం: మీ వాక్యంలో తప్పు లేదమ్మా. అది మార్చి ఇచ్చినదాన్నీ వ్యాకరణం అడ్డుపెట్టి తప్పనలేం. చిక్కంతా అక్కడే ఉంది. అందులో ప్రతి మాటా తెలుగే, నడక మాత్రం ఇంగ్లీషుది.

‘విక్రయించబడేవి’ సంగతి చూడండి. చేసినవారెవరో చెప్పడం ఇష్టం లేకపోయినా, తెలియకపోయినా ఇంగ్లీషుకు ఎక్కువగా కర్మణి ప్రయోగం (‘చేయబడింది’ వంటి వాక్యం) కావాలి. తెలుగుకు ఆ ఇబ్బంది లేదు. ‘ఈ మంటపం ఎప్పుడో కట్టారు’ అంటాం. కర్తను ఊరికే వదిలేస్తాం, ఎవరికీ లోటు తోచదు. మీ వాక్యంలోనైతే కర్త ఎదురుగానే ఉన్నాడు. తాత ఉండగా ‘తాత చేత’ ఎందుకు? (కనబడు, వినబడు వంటివి వేరు. అవి మన నోట పుట్టినవే.) ‘ఒక’ కూడా ఇలా వచ్చి చేరిందే. ‘ఒక ఊళ్లో ఒక రాజు’ అని కథ ఎత్తుకునేటప్పుడు దానికి పని ఉంది. గుడి పక్కనున్న మంటపానికి లేదు.

పక్కన, ఉన్న కలిసి ‘పక్కనున్న’ కావడం సహజం, విడదీసి రాసినా దోషం కాదు. మండపం సంస్కృత రూపం, మంటపం తెలుగువారి నోట స్థిరపడిన రూపం. పూలు, పువ్వులు రెండూ సరైన రూపాలే. ‘అమ్మేవాడు’ బదులు ‘అమ్మేవారు’ అనాలా అన్నది మాత్రం వ్యాకరణం తేల్చేది కాదు. చిత్తూరు వైపు ‘మా తాత వచ్చినాడు’ అనడంలో చనువు ఉంటుంది, అమర్యాద ఉండదు. ఆ నిర్ణయం మీ ఇంటిది.

ఏఐ సూత్రాలు చూసుకుని దిద్దదు. తాను చదివిన రాతల్లో ఏ మాట పక్కన ఏది ఎక్కువగా వస్తుందో దాన్నిబట్టి రాస్తుంది. ఆ రాతల్లో ఇంగ్లీషుదే పెద్ద వాటా. ఉన్న తెలుగులోనూ అనువాదాలు తక్కువేమీ కాదు. అందుకే మన చిత్తూరు వైపు మాట ‘ఎర్రగడ్డ’ కనిపిస్తే ‘ఉల్లిపాయ’గా దిద్దాలని దానికి చేయి దురద పెడుతుంది.

అలాగని దాన్ని పక్కన పెట్టనక్కరలేదు. అర్థానికీ అర్ధానికీ తేడా చూపడం, ‘విద్యార్ధి’ని ‘విద్యార్థి’గా, ‘ధనస్సు’ను ‘ధనుస్సు’గా సరిచేయడం వంటి పనులకు బాగా పనికొస్తుంది. ‘అక్షరదోషాలు మాత్రమే చూపు, వాక్యం మార్చకు, ప్రతి మార్పుకూ కారణం చెప్పు’ అని ముందే గట్టిగా అడగండి. కారణంగా బాలవ్యాకరణం అనే పాత తెలుగు వ్యాకరణ గ్రంథంలోని సూత్రాన్ని చూపిస్తే తొందరపడి నమ్మవద్దు. లేని సూత్రాన్ని కూడా ఉన్నట్టే చెప్పగలదు. అది ఏ పరిచ్ఛేదం (అధ్యాయం)లోదో అడిగి పుస్తకం తీసి చూడండి; ఉన్నవి పదే పరిచ్ఛేదాలు. సూత్రం నిజంగా ఉన్నా, 1858లో చిన్నయసూరి ప్రకటించిన ఆ గ్రంథం కావ్యభాషకు రాసింది. మీ తాత పూల అంగడి గురించి మీరు రాస్తున్న వచనాన్ని దానితో కొలవకూడదు.