పిల్లలతో పడవ ప్రయాణం: ఊళ్ళో అమ్మానాన్నలకి ఎప్పుడు, ఎంత చెప్పాలి

ఇద్దరు పిల్లల్ని తీసుకుని వర్జీనియా నుంచి సెయిల్‌బోట్ మీద బహామాస్ వెళ్ళి, ఒక చలికాలం అక్కడే గడుపుదామనుకుంటున్నామని రాశారు. ఊళ్ళో పెద్దవాళ్ళు భయపడకుండా రోజూ విశేషాలు ఎలా చెప్పాలి, ఫొటోలు అందరూ చూసేలా పెట్టొచ్చా అని అడిగారు. మేం 2022 నవంబరు నుంచి 2023 మే దాకా అదే దారిలో వెళ్ళొచ్చాం. 38 అడుగుల పాత పడవ, నేను, మా ఆయన, తొమ్మిదేళ్ళ పాప, ఆరేళ్ళ బాబు. నా మటుకు నేను చెప్పేది ఒక్కటే. రోజూ చెప్పకండి, కానీ చెప్తామన్న వేళకి మాత్రం తప్పకుండా చెప్పండి.

ఇది మాకు ఊరికే తెలియలేదు. బయల్దేరే ముందు, మనం ఎక్కడున్నామో ఉపగ్రహం ద్వారా పంపే చిన్న పరికరం కొన్నాం. పది నిమిషాలకోసారి మ్యాప్ మీద చుక్క పడుతుంది. ఆ లింకు నరసాపురంలో ఉన్న నాన్నకి పంపాను. వర్జీనియాలోని నార్‌ఫోక్ నుంచి ఫ్లోరిడా దాకా కాలువలు, నదులు, పాయలు కలుపుకుంటూ తీరం లోపలే సాగే దారి ఉంది కదా, అక్కడ ఉన్నన్నాళ్ళూ నాన్నకి ఆ చుక్కలు చూడటమే పని. మన పడవ నడిచేది గంటకి తొమ్మిది పది కిలోమీటర్లు. "ఇవాళ మీరు మధ్యాహ్నం దాకా కదల్లేదేంటి?" అని అడిగేవారు. జార్జియాలో పోటుకీ పాటుకీ రెండు మీటర్ల పైన తేడా ఉంటుందని చెబితే ఎంత సంబరపడ్డారో! సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి వశిష్ఠ దాటుతూ పెరిగిన మనిషి, పోటు మాట ఎత్తితే చాలు.

గొడవంతా ఫ్లోరిడాలోని మయామీ నుంచి బహామాస్‌లోని బిమినీ దీవికి దాటిన రోజు వచ్చింది. మధ్యలో గల్ఫ్ స్ట్రీమ్ అనే సముద్ర ప్రవాహం ఉత్తరానికి పరిగెడుతూ ఉంటుంది. ఉత్తరం గాలి దానికి ఎదురొస్తే అలలు నిటారుగా లేస్తాయి, అందుకే గాలి దక్షిణానికి తిరిగేదాకా తొమ్మిది రోజులు లంగరు వేసుకుని కూర్చున్నాం. తెల్లవారుజామున మూడింటికి బయల్దేరాం, వెలుతురు ఉండగా చేరితేనే అడుగున లోతు తక్కువ చోట్లు కనబడతాయి. పొద్దున ఎనిమిదింటికి పడవ ఊపుకి ఆ పరికరం ఛార్జింగ్ వైరు ఊడిపోయింది, కాసేపటికి అది ఆగిపోయింది. పిల్లలిద్దరికీ వాంతులు, మేం గమనించనే లేదు. నరసాపురంలో అప్పుడు సాయంత్రం ఆరున్నర. చివరి చుక్క నడిసముద్రంలో ఉండిపోయింది. బిమినీ చేరి, దేశంలోకి అనుమతి ఇంకా తీసుకోలేదని తెలిపే పసుపు జెండా ఎగరేసి, మా ఆయన ఒక్కడే ఒడ్డుకి వెళ్ళి ఇమిగ్రేషన్ పని ముగించుకుని, అక్కడి సిమ్ కొని వచ్చేసరికి నాన్నకి రాత్రి రెండున్నర. ఫోన్ మొదటి రింగుకే ఎత్తారు. మాట్లాడలేదు. కాసేపటికి "అందరూ ఉన్నారా అమ్మా?" అన్నారు. ఆ గొంతు ఇప్పటికీ నా చెవిలోనే ఉంది.

మర్నాడే లింకు తీసేశాం. నాన్నకి అర్థమయ్యేలా చెప్పాను, చుక్క పడటం లేదంటే యంత్రం ఆగిందని మాత్రమే, మేం ఆగిపోయామని కాదు. దాని బదులు బుధవారం, ఆదివారం మా టైము పొద్దున తొమ్మిదింటికి, అంటే అక్కడ రాత్రి ఏడున్నరకి ఫోన్. సముద్రం దాటే ముందు "చేరాక ఫోన్ చెయ్యడానికి మర్నాటి దాకా పట్టొచ్చు" అని ముందే చెప్పేవాళ్ళం. మా దారి, చేరాల్సిన వేళ, పడవ వివరాలు కాగితం మీద రాసి మేరీలాండ్‌లో మా తోడికోడలికి ఇచ్చాం. ఫలానా వేళకి కబురు రాకపోతే కోస్ట్ గార్డుకి ఫోన్ చెయ్యాల్సింది తనే. ఇది మీరు తప్పకుండా చెయ్యండి. ఏమీ చెయ్యలేనంత దూరంలో ఉన్న ముసలివాళ్ళ మీద ఆ కాపలా పెట్టకూడదు.

ఎక్కువ సంతోషం ఇచ్చింది మాత్రం పాప ఉత్తరాలు. వారానికొకటి తెలుగులో రాసి ఫొటో తీసి పంపేది. మొదట నాలుగు వాక్యాలు, ఒత్తులన్నీ తప్పులే. బహామాస్ దీవుల చుట్టూ సముద్రం లోతు తక్కువగా ఉండే గ్రేట్ బహామా బ్యాంక్ మీద లోతు చాలాచోట్ల నాలుగైదు మీటర్లే, నీళ్ళు లేత ఆకుపచ్చ, ఆ రంగు పైన మబ్బుల అడుగున కూడా పడుతుంది. "తాతయ్యా, ఇక్కడ మబ్బులు ఆకుపచ్చగా ఉన్నాయి, అబద్ధం కాదు" అని రాసింది. నాన్న తప్పులు దిద్ది, లంగరు, చుక్కాని, తెరచాప అనే మాటలు ఎర్రసిరాతో రాసి పంపేవారు. ఆర్నెల్లలో దాని తెలుగు రాత కుదురుకుంది. తెలుగు బడికి మూడేళ్ళు తిప్పినా అంత రాలేదు.

అమ్మ భయం సముద్రం గురించి కానే కాదు, పిల్లలు ఏం తింటున్నారని. అందుకని ఆవిడకి వంట గురించే చెప్పేదాన్ని. పడవలో మన కుక్కర్ కంటే మంచి గిన్నె లేదు. మూత బిగిసి ఉంటుంది కాబట్టి పడవ ఒరిగినా అన్నం ఒలకదు, గ్యాస్ కూడా తక్కువ. కందిపొడి, ఆవకాయ ఫ్రిజ్ లేకుండా నిలవుంటాయి. కూరగాయలు మాత్రం ఆ దీవుల్లో సరుకు పడవ వచ్చిన రోజే దొరుకుతాయి, మిగతా రోజుల్లో ఉల్లిపాయలు, బంగాళదుంపలు, క్యాబేజీ.

చెడ్డ వార్తలు దాచొద్దు, కానీ గండం గడిచాక చెప్పండి. చలికాలంలో వారం పది రోజులకోసారి చల్లగాలి తోసుకొస్తుంది, గాలి ఒక్క రాత్రిలో దక్షిణం నుంచి పడమరకి, ఉత్తరానికి తిరిగిపోతుంది. ఎగ్జూమా దీవుల్లో అలాంటి రాత్రి మా లంగరు జారింది. చీకట్లో ఇంజిన్ వేసి, గొలుసు పైకి లాగి, మళ్ళీ వేసేసరికి గంట పట్టింది. ఆదివారం నాన్నకి మొత్తం చెప్పాను, తర్వాత గొలుసు ఎంత పొడుగు వదిలామో కూడా. ఆ లెక్క వినగానే ఆయన మనసు కుదుటపడింది.

ఇక అందరూ చూసేలా పెట్టడం. పెట్టొచ్చు, కానీ ఆ చోటు వదిలి వారం పది రోజులయ్యాకే. ఇల్లు తాళం వేసి ఉందని, పిల్లలతో ఫలానా దీవి దగ్గర ఒంటరిగా ఆగామని లోకానికి అప్పటికప్పుడు చెప్పక్కర్లేదు. పిల్లల మొహాలు మేం పెట్టలేదు. అడక్కుండా ఫొటో పెట్టొద్దని పాపే అంది, సరే అన్నాం. జనవరిలో రోజూ వీడియో పెడదామని మొదలుపెట్టి మూడు వారాల్లో మానేశాం. డాల్ఫిన్లు పడవ ముక్కు దగ్గరికొస్తే నేను ఫోన్ కోసం లోపలికి పరిగెత్తేదాన్ని, వచ్చేసరికి అవి వెళ్ళిపోయేవి. బాబు "అమ్మా, నువ్వు చూళ్ళేదు" అన్నాడు.

సెప్టెంబరులో మీ వర్జీనియా పక్కనున్న చెసపీక్ బే అఖాతంలోనే ఒక వారం పడవ మీద ఉండి చూడండి. ఆ వారం కూడా ఫోన్ బుధవారం, ఆదివారం మాత్రమే చెయ్యండి. నవంబరు నాటికి మీ అమ్మానాన్నలకి మధ్య రోజుల్లో కబురు లేకపోవడం అలవాటవుతుంది. పడవ ఎన్ని అడుగులది, ఎవరెవరు ఎక్కడ పడుకోవాలి అనేవి రాస్తే వాటి గురించి ఇంకోసారి వివరంగా చెప్తాను.