తనిఖీకి ఎవరూ రారమ్మా, నువ్వే వెళ్లాలి

కర్నూలు
ఆదివారం

చిరంజీవి అమ్మాయికి,

మామయ్య ఆశీస్సులు. జెనీవాలో ఐక్యరాజ్యసమితి కార్యాలయంలో, భవనాల నిర్వహణ విభాగంలో నీకు ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ ఫోనులో చెబుతుంటే ఆమెకూ మాట పెగల్లేదు, నాకూ పెగల్లేదు. ముప్ఫై ఏళ్లు నేను చేసిన పని ఇదే. ఒక అంతర్జాతీయ సంస్థ ప్రాంగణంలో పంపులు, ప్యానెల్ బోర్డులు, పైకప్పులు చూసుకుంటూనే రిటైరయ్యాను. నాలుగు మాటలు రాయమన్నావు. నాలుగుతో ఆగేలా లేవు, ఓపికగా చదువు.

నువ్వు చదివిన పుస్తకాల్లో గట్టిగా చెప్పని విషయంతో మొదలుపెడతాను. 1946 నాటి ఒప్పందం ప్రకారం ఐక్యరాజ్యసమితి ఆవరణలోకి, అది ఏ దేశంలో ఉంటే ఆ దేశ అధికారులు అనుమతి లేకుండా అడుగు పెట్టరాదు. మన దేశం దానికోసం 1947లోనే ఒక చట్టం చేసింది. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌కు కూడా ఆ చట్టం కిందే రక్షణ ఉంది. దౌత్యం సంగతి అలా ఉంచు. మన పనికి దీని అర్థం వేరు. బయట ఒక సినిమా హాలు కడితే అగ్నిమాపక శాఖ వాళ్లు వస్తారు, మున్సిపాలిటీ వాళ్లు వస్తారు, లిఫ్టు ఇన్‌స్పెక్టరు వస్తాడు. నీ గేటు లోపలికి వాళ్లు పిలవందే రారు. అందుకని పిలువు. ఏటా ఒకసారి ఊరి ఫైరింజను వాళ్లను రప్పించు, బండి ఏ దారిన తిరగగలదో తిప్పించి చూడు. వాళ్ల గొట్టం మూతి నీ హైడ్రెంటుకు సరిగ్గా బిగుసుకుంటుందో లేదో వాళ్ల చేతులతోనే బిగించి చూపించమను. నా ప్రాంగణంలో మొదటిసారి అలా చేయించినప్పుడు మూడు చోట్ల బిగుసుకోలేదు. అన్నేళ్లూ ఆ ఎర్ర పైపుల ముందు నుంచే రోజూ నడిచాను.

ఇక నీళ్ల సంగతి. మీ ఇంటి ముందు గదిలో, దేవుడి పటాల కింద గోడ మీద ఒక గోధుమరంగు గీత ఉండేది గుర్తుందా? ఎన్నిసార్లు సున్నం వేసినా పైకి తేలేది. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరిమీద పడ్డప్పుడు మిగిలిన గీత అది. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చిన రోజులవి. నీకప్పుడు పదేళ్లు, మేడ మీద మీ అమ్మ ఒళ్లో ఉన్నావు. నీళ్లు తీశాక నేను వచ్చి చూస్తే ఊళ్లో సెల్లార్లలో పెట్టిన జనరేటర్లన్నీ బురద ముద్దలైపోయి ఉన్నాయి. వెలుగు కావాల్సిన రాత్రుల్లోనే అవి అక్కరకు రాలేదు. మూడేళ్ల తర్వాత, 2012 అక్టోబర్ చివర్లో, శాండీ తుపానుకు న్యూయార్కులో నది పొంగి ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యాలయం నేలమాళిగలోకి నీళ్లు వచ్చాయి, భవనాన్ని చల్లబరిచే యంత్రాలు దెబ్బతిన్నాయి. ఆ వార్త చదివి చాలాసేపు పేపరు పక్కన పెట్టలేకపోయాను. ప్రపంచంలోని పెద్ద పెద్ద ఇంజనీర్లు ఉన్న చోట కూడా యంత్రాలు అడుగునే ఉన్నాయి! జెనీవాలో చేరగానే ప్రతి భవనానికీ అత్యంత కింద ఏముందో చూడు. అక్కడికి నీళ్లు చేరే దారులు కాగితం మీద గీసుకో. నది పొంగక్కర్లేదు, పై అంతస్తులో ఒక పైపు పగిలినా చాలు.

జనరేటర్ గురించి నా తప్పు ఒకటి చెప్పాలి. ప్రతి సోమవారం పది నిమిషాలు దాన్ని నడిపించేవాళ్లం. లాగ్ బుక్కులో ఏడాది పొడుగునా సంతకాలు వరసగా ఉండేవి, చూస్తే ముచ్చటేసేది. కానీ లోడు, అంటే దీపాలూ యంత్రాల బరువు, ఎక్కించి నడపలేదు. ఒక వేసవి మధ్యాహ్నం, ఎన్నో దేశాల ప్రతినిధులు కూర్చున్న సమావేశంలో కరెంటు పోయింది. జనరేటర్ వెంటనే అందుకుంది. పావుగంట తిరక్కముందే దగ్గినట్టుగా రెండు మూడుసార్లు ఊగి ఆగిపోయింది. దుబాసీల గదుల్లో దీపాలు ఆరాయి, మాట్లాడుతున్న ఒక పెద్దాయన గొంతు చెవుల్లో మధ్యలోనే తెగిపోయింది. విప్పి చూస్తే డీజిల్ ఫిల్టరు నిండా నల్లటి జిగురు మడ్డి. ట్యాంకు అడుగున ఏళ్ల తరబడి చేరిన నీరు, తుక్కు అది. ఊరికే తిరిగినప్పుడు ఇంజను తాగేది కొంచెమే కనుక ఆ ఫిల్టరు సరిపోయింది, బరువు మీద పడగానే ఊపిరాడలేదు. ఆ ఫిల్టరును చేత్తో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. అప్పటినుంచి నెలకొకసారి అరగంట, కనీసం 30 శాతం లోడుతో నడిపించాం. ట్యాంకు అడుగు కుళాయి తిప్పి నీళ్లు దించేవాళ్లం. బ్యాటరీని మాత్రం నేనే స్వయంగా చూసేవాణ్ణి.

సంతకాలను నమ్మకు. చేసిన మనిషిని పక్కన నిలబెట్టుకుని మళ్లీ చేయించి చూడు. కోపంతో కాదు, నేర్చుకోవడానికి వచ్చినట్టు అడుగు. మా దగ్గర ఒక ముసలి ప్లంబరు ఉండేవాడు. ఏ మూల ఏ వాల్వు మూస్తే ఏ గదిలో నీళ్లు ఆగుతాయో అతనికి తప్ప ఎవరికీ తెలియదు. డ్రాయింగుల్లో ఉన్న పైపు ఒకటి, గోడలో ఉన్న పైపు ఒకటి. అతను రిటైరయ్యే ఏడాది రోజూ సాయంత్రం అతనితో తిరిగాను. అతను సుద్దముక్కతో గోడ మీద గీసేవాడు, నేను నోటు పుస్తకంలో రాసుకునేవాణ్ణి. తర్వాత ఆ వాల్వులన్నిటికీ నంబర్లు కొట్టిన ఇత్తడి బిళ్లలు వేలాడదీయించాను. నా ఉద్యోగంలో నాకు అన్నిటికంటే తృప్తినిచ్చిన పని అదే. జెనీవాలోనూ అలాంటివాళ్లు ఉంటారు, భాష రాకపోయినా వెతికి పట్టుకో. ఫ్రెంచి నేర్చుకునేది ముందు వాళ్లకోసం.

సమావేశ మందిరాలున్న భవనానికి ఇంకో జబ్బు ఉంటుంది. మూడు వారాలు కిటకిటలాడతాయి, తర్వాత నెలల తరబడి తాళం. ఆ ఖాళీ రోజుల్లో పైపుల్లో నీళ్లు నిలిచిపోతాయి. 1976లో ఫిలడెల్ఫియాలో ఒక హోటల్లో సమావేశానికి వచ్చినవాళ్లలో పాతికమందికి పైగా న్యుమోనియాతో చనిపోయారు. నీళ్లలో పెరిగే లెజియోనెల్లా అనే సూక్ష్మజీవి అలా బయటపడింది. ఎవరూ వాడని కుళాయిలను వారానికోసారి తిప్పి కాసేపు వదలాలి. వేడినీళ్ల ట్యాంకు 60 డిగ్రీల కంటే తగ్గకూడదు. విద్యుత్తు ఆదా పేరుతో ఎవరైనా తగ్గించమంటే అక్కడ మాత్రం మొండిగా ఉండు.

ఏసీ గురించి ఎక్కువ రాయను. కర్నూలు ఎండలో పెరిగిన మనకు చలి అనిపించే గదిలో ఇంకొకరికి చెమటలు పడతాయి. 2008లో న్యూయార్కు కార్యాలయంలో గదుల ఉష్ణోగ్రతను 22 నుంచి 25 డిగ్రీలకు పెంచి, వేసవిలో కోటూ టై వద్దన్నారు. ఆ పద్ధతి నాకు నచ్చింది. ఫిర్యాదు వచ్చిన గదికి థర్మామీటరు పట్టుకుని నువ్వే వెళ్లు, సగం గొడవ అక్కడే తీరుతుంది.

డబ్బు దగ్గర నీకు అసలు కష్టం వస్తుంది. మన ఊరి పాత మిద్దెలు గుర్తు చేసుకో. ఏటా వానలకు ముందు తాతయ్య మిద్దె మీద చౌడు మట్టి పోయించేవారు. గడ్డలు చిదిపి, సమంగా పరిచి, దోనెల దగ్గర తానే కూర్చుని చేత్తో సర్దేవారు. ఒక్క ఏడాది మానేస్తే దూలానికి చెమ్మ తగిలేది. పెద్ద సంస్థల్లో ఆ మట్టి పోయడమే వాయిదా పడుతుంది. న్యూయార్కు భవనం 1950 ప్రాంతంలో కట్టింది. 2008లో మొదలైన దాని పునరుద్ధరణకు 200 కోట్ల డాలర్లకు పైగా అయింది. నువ్వు వెళ్తున్న జెనీవా భవనం, పాలే దే నాసియోఁ, 1930లలో ఐక్యరాజ్యసమితికి ముందున్న నానాజాతి సమితి కోసం లేచింది. దాని బాగుసేతకు 83 కోట్ల 65 లక్షల స్విస్ ఫ్రాంకులు కేటాయించారు. సభ్య దేశాల సొమ్ము అది, ఆఫ్రికాలో ఒక చిన్న దేశపు రైతు పన్ను కూడా అందులో ఉంటుంది. కనుక మరమ్మతు అడిగేటప్పుడు 'పైకప్పు బాగాలేదు' అని రాయకు. మరక ఫొటో, తీసిన తేదీ, ఇప్పుడు చేస్తే ఎంత, ఐదేళ్లాగితే ఎంత అని ఒక్క పేజీలో పెట్టు. మొదటిసారి తిరస్కరిస్తారు. ఆరు నెలలకు పెరిగిన మరక ఫొటోతో అదే పేజీ మళ్లీ పంపు.

టెండర్ల విషయంలో నీకు చెప్పక్కర్లేదు, అయినా పెద్దవాణ్ణి కనుక చెబుతున్నాను. కాంట్రాక్టరు ఇచ్చే పండుగ మిఠాయి డబ్బా కూడా తీసుకోకు.

నీ కార్యాలయం ఉన్న అరియానా పార్కులో నెమళ్లు తిరుగుతుంటాయట. ఆ స్థలం ఊరికి రాసిచ్చిన దాత, నెమళ్లు స్వేచ్ఛగా తిరగాలని షరతు పెట్టాడట. ఎవరైనా నెమలి కిటికీ ముందు అరుస్తోందని ఫిర్యాదు చేస్తే ఆ వీలునామా చూపించు.

చలికోటు కర్నూల్లో కొనకు, అక్కడే కొనుక్కో. మీ అమ్మ పెట్టే గోంగూర పచ్చడి సీసాకు మూత గట్టిగా బిగించు. చేరిన మొదటి వారంలోనే ప్రాంగణానికి నీళ్లు వచ్చే ప్రధాన వాల్వు ఎక్కడుందో కనుక్కుని, నీ చేత్తో తిప్పి చూడు. దాని ఫొటో నాకు పంపు. బిళ్ల లేకపోతే అదీ రాయి.

మీ మామయ్య