బాపు, చిన్నాయన కలవాలని మంత్రం వేయొచ్చా?

ప్రశ్న: మాది పరకాల దగ్గర ఊరు. హనుమకొండలో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. పొలం గెట్టు పంచాయితీతో రెండేళ్లుగా మా బాపుకు, చిన్నాయనకు మాటల్లేవు. మా నాయనమ్మ ఇద్దరి మధ్య నలిగిపోతోంది. నేను ఫోన్లో విదేశీ మ్యాజిక్ వీడియోలు చూసి, రెండు కొవ్వొత్తుల మీద ఇద్దరి పేర్లు చెక్కి, ఎర్ర దారంతో కలిపి కట్టి వెలిగిస్తే విడిపోయినవాళ్లు కలుస్తారని తెలుసుకున్నాను. వచ్చే అమావాస్య రాత్రి మా ఊర్లోనే, చిన్నాయన ఇంటి దగ్గర చేద్దామనుకున్నా. ముందు బేసిక్స్ నేర్చుకోకుండా మంత్రం వేయొద్దని కొందరు అంటున్నారు. నేరుగా చేస్తే ఏమవుతుంది? అమ్మ నా బ్యాగులో కొవ్వొత్తులు, నిమ్మకాయలు చూసి ఏడ్చింది. రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు.

జవాబు:

బిడ్డా, ముందు ఒక మాట. నువ్వు ఎవరి చెడూ కోరలేదు, ఇల్లు ఒకటి కావాలని కోరావు. అమ్మ భయపడిందని నువ్వు చెడ్డపిల్లవు అయిపోవు. కానీ అమావాస్య రాత్రి ఆ పని మాత్రం చేయకు. ఎందుకో చెప్తా, కొంచెం ఓపికగా చదువు.

నా సంగతి దాచను. కొవ్వొత్తి వెలిగిస్తే ఇంకొకరి మనసు మారుతుందని నేను నమ్మను. అయినా నువ్వు అడిగింది బేసిక్స్ గురించి, ఆ అడగడంలోనే తెలివి ఉంది, కాబట్టి దానికే జవాబిస్తాను. నువ్వు చూస్తున్న ఈ పద్ధతి చాలావరకు ఇంగ్లండ్‌లో పుట్టింది. అక్కడ మంత్రశక్తులు ఉన్నాయని చెప్పుకునేవాళ్లను శిక్షించే 1735 నాటి మంత్రగత్తెల చట్టాన్ని 1951లో రద్దు చేశాక, జెరాల్డ్ గార్డ్‌నర్ అనే ఆయన, ఆయన చుట్టూ ఉన్నవాళ్లు విక్కా అనే పేరుతో దీన్ని బయటికి తెచ్చారు. అందులో దీక్ష తీసుకోవాలంటే ఒక ఏడాది, దాని మీద ఒక రోజు నేర్చుకోవాలనేది పాత ఆనవాయితీ. ఆ ఏడాదంతా చేసేది ఏమిటనుకున్నావు? ఊపిరి మీద ధ్యాస పెట్టి కదలకుండా కూర్చోవడం, మనసు చెదిరినప్పుడు కాళ్లు నేలకు ఆనించి మళ్లీ కుదురుగా కావడం (దీన్నే వాళ్లు గ్రౌండింగ్ అంటారు), చంద్రుడి పెరుగుదల, తరుగుదల గమనించడం, తనకు నిజంగా ఏం కావాలో నోటుబుక్‌లో రాసుకోవడం. మంత్రం వేయడం చాలా తర్వాతి సంగతి. వీడియోలో అర నిమిషంలో చూపించేది ఆ చివరి ముక్క ఒక్కటే.

నువ్వు కూడబెట్టిన సామాను చూస్తేనే తెలుస్తోంది, అక్కడిది కొంత, ఇక్కడిది కొంత కలిపేశావు. వాళ్ల లెక్కలో కలపడం, పెంచడం లాంటి పనులు చంద్రుడు పెరిగే రోజుల్లో చేస్తారు, వదిలించుకునేవి తరిగే రోజుల్లో. అమావాస్య, నిమ్మకాయలు మన ఊర్ల భయాల్లోంచి వచ్చాయి. ఎవరి పద్ధతి ప్రకారం చూసినా నువ్వు చేయబోయేది తప్పే. పైగా దారం చుట్టిన రెండు కొవ్వొత్తులు ఒక్కసారి అంటుకుంటే మంట ఎంత ఎత్తు లేస్తుందో నీకు తెలియదు, అదే హాస్టల్ గదిలో అయితే పరుపులు, పుస్తకాలు, పక్క మంచంలో ఇంకో పిల్ల.

వాళ్ల పద్ధతిలో మొదటి నియమం ఎవరికీ హాని చేయొద్దని. అది పాటించేవాళ్లలో చాలామంది ఇంకో మాట కూడా అంటారు, అడగకుండా ఇంకొకరి మనసు మీద మంత్రం వేయొద్దు, అది మంచికైనా సరే అని. నాకు ఇది చాలా నచ్చింది. బాపు మనసు బాపుది. ఆయన కోపంలో నీకు తెలియని అవమానం ఏదో ఉండొచ్చు, చిన్నాయనకూ ఉండొచ్చు. వాళ్లకు తెలియకుండా వాళ్ల మనసులను కట్టేయాలనుకోవడం, నిన్ను అడగకుండా నీ పెళ్లి ఖాయం చేయడం లాంటిదే.

ఇప్పుడు నాకు అసలు భయం కలిగించే విషయం. చిన్నాయన ఇంటి దగ్గర, రాత్రిపూట, పేర్లు చెక్కిన కొవ్వొత్తులు, ఎర్ర దారం, నిమ్మకాయలు. అసలే పంచాయితీ ఉన్న ఇల్లు. పొద్దున ఎవరైనా చూస్తే దాన్ని ఇంగ్లండ్ మ్యాజిక్ అనరు, చేతబడి అంటారు, బాణామతి అంటారు. ఆ తర్వాత చిన్నమ్మకు జ్వరం వచ్చినా, బర్రె పాలివ్వకపోయినా వేలు మీ ఇంటి వైపే చూపిస్తారు. 2022 జనవరిలో జగిత్యాలలో మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో ఒక తండ్రిని, ఇద్దరు కొడుకులను కుల సంఘం సమావేశంలోనే చంపేశారు. నిన్ను బెదిరించాలని చెప్పడం లేదు బిడ్డా, అమ్మ ఎందుకు ఏడ్చిందో నీకు అర్థం కావాలని చెప్తున్నా. నువ్వు ఫోన్లో చూసింది ఆమె చూడలేదు. ఆమెకు తెలిసింది ఇదే.

మరి ఏం చేయాలి? నేర్చుకోవాలని ఉంటే బేసిక్స్ నేర్చుకో, నేను వద్దనను. రోజూ పొద్దున కాసేపు ఊపిరి చూసుకుంటూ కూర్చో, రాత్రి పడుకునే ముందు నోటుబుక్ తీసి రాయి. బాపు గురించి కాదు, నీ గురించి. ఈ గొడవలో నేను ఏం పోగొట్టుకున్నాను, చిన్నమ్మ పిల్లలు మాట్లాడకపోతే నాకు ఎక్కడ నొప్పి పుడుతోంది, ఇలాంటివి. డబ్బులు కడితే నీ తరఫున మంత్రం వేస్తామని ఎవరైనా మెసేజ్ పెడితే జవాబు కూడా ఇవ్వకుండా బ్లాక్ చేయి. కొన్నాళ్లయినా నిద్ర కుదరకపోతే 14416కు ఫోన్ చెయ్, మనసు బాగోలేనివాళ్లతో మాట్లాడే ప్రభుత్వ సేవ టెలి మానస్ వాళ్లది, డబ్బులు కట్టే పని లేదు, తెలుగులో మాట్లాడతారు.

ఇక గెట్టు సంగతి. హద్దు తేలనంతకాలం ఎవరు ఎంత ప్రేమగా మాట్లాడినా నాగలి పట్టే రోజు మళ్లీ గొడవే. కొలతకు మీసేవలో దరఖాస్తు పెడితే సర్వేయర్ వచ్చి కొలుస్తాడు. అప్పటికీ తెగకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, కోర్టు మెట్లెక్కకుండా ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడిస్తారు, ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సహాయం ఉచితం. మీ నాయనమ్మ పేరు మీదే అడగొచ్చు. 15100కు ఫోన్ చేస్తే దారి చెప్తారు. ఈ మాట బాపుతో నువ్వు చెప్పేకంటే, ఇద్దరికీ మాట చెల్లే పెద్దమనిషి ఎవరైనా ఉంటే వాళ్లతో చెప్పించు. మేనత్త ఉంటే ఇంకా మంచిది, ఆడబిడ్డ మాట అన్నదమ్ములు అంత తేలిగ్గా తోసెయ్యలేరు.

నీకు ఏదో ఒకటి చేతులతో చేయాలని ఉంది, అది నాకు అర్థమవుతోంది. దసరా రోజు జమ్మి ఆకు చేతిలో పెట్టి 'బంగారం' అనుకుంటూ అలాయ్ బలాయ్ తీసుకోవడం మనకు ఎప్పటినుంచో ఉన్నదే, పగవాడైనా ఆ రోజు గడపలోకి వస్తే పొమ్మనరు. బాపును లాక్కుపోకు. నువ్వొక్కదానివే పట్టపగలు, అందరూ చూస్తుండగా చిన్నాయన ఇంటికి వెళ్లి ఆయన చేతిలో జమ్మి పెట్టి కాళ్లు మొక్కు. వెళ్లే ముందు ఇంట్లో చెప్పి వెళ్లు. ఆయన మాట్లాడకపోతే బాధపడతావు, అయినా వచ్చే దసరాకు మళ్లీ వెళ్లొచ్చు.

ఈ లోపల ఆదివారం ఊరికి పోయి ఆ కొవ్వొత్తులు, దారం అమ్మ చేతికే ఇవ్వు. ఏం చేద్దామనుకున్నావో మొత్తం చెప్పు, ఎందుకు అనుకున్నావో కూడా చెప్పు. నిమ్మకాయలు పులిహోరలో పిండేయండి.